హైదరాబాద్ నుంచి డల్లాస్ ఎంత దూరం? విమాన దూరాన్నీ ప్రయాణ సమయాన్నీ మీరే లెక్కగట్టే పద్ధతి

అమ్మానాన్నలను మొదటిసారి అమెరికా పంపించే ఇళ్లలో టికెట్ కొనే ముందు ఒక గందరగోళం తప్పదు. ఒక సైటులో దూరం 14,400 కిలోమీటర్లని ఉంటుంది. మరోచోట 15,600 అంటారు. టికెట్ మీద ప్రయాణ సమయం 23 గంటల పైచిలుకు కనిపిస్తుంది. తీరా బయలుదేరే వేళనూ దిగే వేళనూ పక్కపక్కన పెట్టి చూస్తే మధ్యలో పన్నెండు గంటలు కూడా ఉండవు. అక్కడున్న కొడుకేమో ‘ఒకటిన్నర రోజు పడుతుంది, ఓపిక పట్టాలి నాన్నా’ అంటాడు. వీటిలో ఏదీ అబద్ధం కాదు. ఒక్కో అంకె ఒక్కో సంగతిని కొలుస్తోంది, అంతే.

ఈ అంకెలన్నీ ఎక్కడి నుంచి వస్తాయో హైదరాబాద్–డల్లాస్ ప్రయాణాన్ని తీసుకుని వరసగా చూద్దాం. తెలుగువాళ్లు తెగ తిరిగే దారి ఇది. ఇదే పద్ధతి విశాఖ–సిడ్నీకైనా, తిరుపతి–టొరంటోకైనా పనికొస్తుంది. కావలసినవి రెండే: సైన్, కొసైన్ మీటలున్న కాలిక్యులేటర్ ఒకటి (ఫోనును అడ్డంగా తిప్పితే చాలా ఫోన్లలో అదే వస్తుంది), ఒక తెల్లకాగితం.

మొదటి మెట్టు: రెండు చివరలు గుర్తించడం

కొలవవలసింది ఊరి నుంచి ఊరికి కాదు, విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి. ఫోనులో మ్యాపు తెరిచి ఆ చోట కాసేపు వేలు నొక్కిపెడితే రెండు అంకెలు వస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం.

శంషాబాద్ విమానాశ్రయం: 17.24 ఉత్తరం, 78.43 తూర్పు.
డల్లాస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం: 32.90 ఉత్తరం, 97.04 పశ్చిమం.

పాత అట్లాసులో చూస్తే డిగ్రీలు, నిమిషాలుగా ఉంటుంది. నిమిషాలను 60తో భాగించి డిగ్రీలకు కలుపుకోండి. 17 డిగ్రీల 14 నిమిషాలంటే 17.23 అన్నమాట. పశ్చిమ రేఖాంశానికీ దక్షిణ అక్షాంశానికీ ముందు మైనస్ గుర్తు పెట్టడం మరిచిపోవద్దు. లెక్క తప్పేవాళ్లలో ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

ఇప్పుడు రేఖాంశాల తేడా: 78.43 నుంచి మైనస్ 97.04 తీసేస్తే 175.47. తేడా 180 దాటితే దాన్ని 360లోంచి తీసేయాలి. ఇక్కడ దాటలేదు కానీ దాదాపు అక్కడిదాకా వచ్చింది. అంటే హైదరాబాదుకు డల్లాస్ భూగోళానికి ఇంచుమించు అవతలి వైపున ఉంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి 175.47ను 15తో భాగిస్తే 11.7 గంటలు వస్తుంది. మనకు తెల్లవారేటప్పుడు వాళ్లకు పొద్దుగూకడానికి కారణం ఇదే. గడియారాల సంగతి తర్వాత వస్తుంది.

రెండో మెట్టు: గీత పొడవు

గోళం మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గర దారిని మహావృత్తపు చాపం అంటారు. దాని కోణం తెలిస్తే దూరం తెలిసినట్టే. సూత్రం మాటల్లో చెబితే ఇలా ఉంటుంది: రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి. విడిగా రెండు అక్షాంశాల కొసైన్‌లనూ, రేఖాంశాల తేడా కొసైన్‌నూ, ఈ మూడింటినీ గుణించండి. ఆ రెండు లబ్ధాలనూ కూడండి. వచ్చేది మనకు కావలసిన కోణపు కొసైన్.

అంకెలతో చేసి చూద్దాం. ముందు కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో లేదో చూసుకోండి. రేడియన్లలో ఉంటే జవాబు ఎక్కడికో పోతుంది. సైన్ 30 కొడితే 0.5 రావాలి. వస్తే సరిగ్గా ఉన్నట్టు.

సైన్ 17.24 = 0.2964
సైన్ 32.90 = 0.5432
మొదటి లబ్ధం = 0.1610

కొసైన్ 17.24 = 0.9551
కొసైన్ 32.90 = 0.8396
కొసైన్ 175.47 = −0.9969
రెండో లబ్ధం = −0.7994

మొత్తం = −0.6384

ఇప్పుడు కొసైన్ మీద చిన్నగా −1 వేసి ఉండే మీట నొక్కితే 129.67 డిగ్రీలు వస్తుంది. భూమి ఉపరితలం మీద ఒక డిగ్రీ అంటే 111.2 కిలోమీటర్లు. రెండింటినీ గుణిస్తే 14,419. గుండ్రంగా 14,420 కిలోమీటర్లు అనుకోండి. మైళ్లలో చెబితే 8,960. విమానయానంలో వాడే నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు కాబట్టి ఆ లెక్కన 7,790 దాకా ఉంటుంది. ఒకే దూరానికి మూడు చోట్ల మూడు అంకెలు కనిపిస్తే కంగారుపడకుండా అది ఏ మైలో ముందు చూడండి.

జవాబు సరైనదో కాదో తేల్చుకోవడానికి ఒక హద్దు గుర్తుపెట్టుకోండి. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా దూరం 20,000 కిలోమీటర్లకు పెద్దగా మించదు, ఎందుకంటే భూమి చుట్టుకొలతలో సగం అంతే. అంతకన్నా ఎక్కువ వస్తే చివరి గుణకారంలో ఎక్కడో తప్పు జరిగిందని అర్థం. భూమి ధ్రువాల దగ్గర కాస్త అణిగి ఉంటుంది కాబట్టి ఈ సూత్రంలో గరిష్ఠంగా అర శాతం తేడా రావచ్చు. ప్రయాణానికి అది లెక్కలోకి రాదు.

మ్యాపులో ‘దూరం కొలువు’ అనే సదుపాయం వాడినా ఇదే అంకె వస్తుంది. అలాంటప్పుడు ఈ తంటా ఎందుకంటారా? ఒక్కసారి చేత్తో చేసినవాళ్లకు తర్వాత వచ్చే సంగతులు ఇట్టే అర్థమవుతాయి.

గోడ మీది మ్యాపును నమ్మకండి

బడిలో గోడకు తగిలించిన ప్రపంచ పటంలో హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు స్కేలు పెట్టి గీత గీస్తే అది అరేబియా, సహారా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. నిజంగానే ఆ గీత వెంట ఎగిరితే దాదాపు 17,700 కిలోమీటర్లు వస్తుంది. అంటే అసలు దగ్గర దారి కన్నా 3,200 కిలోమీటర్లకు పైగా ఎక్కువ. చదునైన పటం పైకి పోయేకొద్దీ అడ్డంగా సాగదీస్తుంది కాబట్టి అందులోని తిన్నని గీత భూమి మీద తిన్నగా ఉండదు.

పిల్లల గ్లోబు ఒకటి తీసుకుని, హైదరాబాద్ దగ్గర దారం కొస పట్టుకుని, రెండో కొసను డల్లాస్ దాకా బిగించి లాగండి. దారం పడమరకు పోదు. నిట్టనిలువుగా ఉత్తరానికి పోతుంది. ఢిల్లీ పక్కగా వెళ్లి, కారకోరం పర్వతాల్లో కె2 శిఖరం దరిదాపుల్లో దాటి, కజకిస్తాన్, సైబీరియా మీదుగా ఆర్కిటిక్ సముద్రంలోకి చేరుతుంది. ఉత్తర ధ్రువానికి ఐదువందల పైచిలుకు కిలోమీటర్ల దూరం నుంచి అటువైపు దిగి, కెనడాలోని హడ్సన్ బే పడమటి అంచున, అమెరికాలోని మిన్నెసోటా మీదుగా టెక్సాస్‌కు వస్తుంది. అమెరికా మనకు పడమర అనుకుంటూ పెరిగాం. తీరా లెక్కగడితే అది మన నెత్తి మీద, ఉత్తరాన ఉంది.

ఇది కాగితం మీది ముచ్చట మాత్రమే కాదు. 2021 జనవరిలో ఎయిరిండియా బెంగళూరు–శాన్‌ఫ్రాన్సిస్కో మధ్య నేరు విమానాన్ని మొదలుపెట్టినప్పుడు, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చిన తొలి విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళలే ఉన్న పైలట్ బృందం ఉత్తర ధ్రువ మార్గంలో నడిపింది. అదే నెలలో హైదరాబాద్–షికాగో నేరు విమానం కూడా మొదలైంది. దాని దూరం 13,280 కిలోమీటర్లు. ఆ సర్వీసు తర్వాత నిలిచిపోయింది.

మూడో మెట్టు: గీత వేరు, దారి వేరు

హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు ఆగకుండా పోయే విమానం లేదు. విమానాలకు సత్తువ చాలక కాదు. పెర్త్–లండన్ మధ్య 14,500 కిలోమీటర్లను 2018 నుంచి ఒక్క ఎగురుడులో దాటుతున్నారు. సింగపూర్–న్యూయార్క్ అయితే 15,300 పైమాటే. మన దారిలో అంత ఖర్చు పెట్టి నడపడానికి సరిపడా గిరాకీ ఏడాది పొడవునా ఉంటుందన్న భరోసా కంపెనీలకు ఉండాలి, అదీ సంగతి. కాబట్టి మధ్యలో ఒక చోట ఆగక తప్పదు. అప్పుడు దూరం అంటే రెండు గీతల మొత్తం.

రెండో మెట్టులోని సూత్రాన్నే రెండేసి సార్లు వాడి నాలుగు దారులు లెక్కకట్టాను. అన్నీ దగ్గరి పదికి సవరించిన అంకెలు:

ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా: 7,120 + 8,260 = 15,380 కి.మీ.
లండన్ మీదుగా: 7,750 + 7,630 = 15,380 కి.మీ.
దుబాయ్ మీదుగా: 2,550 + 12,920 = 15,470 కి.మీ.
దోహా మీదుగా: 2,910 + 12,740 = 15,650 కి.మీ.

ఈ నాలుగు వరసలను నిదానంగా చూడండి. దోహా, దుబాయ్ ‘దారిలోనే’ ఉన్నట్టూ, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టు తిరిగినట్టూ మనసుకు తోస్తుంది. లెక్క దానికి తిరగబడింది. దానికన్నా ముఖ్యమైన విషయం, అన్నిటికన్నా పొడవైన దారికీ పొట్టి దారికీ మధ్య తేడా 270 కిలోమీటర్లు మాత్రమే. విమానానికి అది ఇరవై నిమిషాల పని కూడా కాదు. నేరు గీతతో పోల్చినా ఈ దారులన్నీ ఏడు నుంచి ఎనిమిదిన్నర శాతమే ఎక్కువ. అంచేత ‘ఏ దారి దగ్గర?’ అనే ప్రశ్నను ఇక్కడితో వదిలేయవచ్చు. టికెట్ ఎంచుకోవడంలో కిలోమీటర్లకు ఓటు లేదు.

విమానం ఈ గీతల మీదే పోతుందా అంటే, కచ్చితంగా పోదు. రకరకాల కారణాలతో కాస్త అటూ ఇటూ జరుగుతుంది. కారకోరం, హిమాలయాల వంటి ఎత్తైన పర్వతాల మీద ఎక్కువసేపు ఎగరడానికి కంపెనీలు ఇష్టపడవు. విమానం లోపల గాలి పీడనం పడిపోతే వెంటనే మూడు వేల మీటర్ల ఎత్తుకు దిగాలి, ప్రయాణికుల మాస్కుల్లో ఆక్సిజన్ సాధారణంగా పావుగంట ప్రాంతమే వస్తుంది. కింద ఆరేడు వేల మీటర్ల కొండలుంటే దిగేదెక్కడ? ధ్రువ ప్రాంతంలో మరో చిక్కు, రెక్కల్లోని ఇంధనం చల్లబడటం. అంతర్జాతీయంగా ఎక్కువగా వాడే విమాన ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. అమెరికాలో నింపే రకానికి ఆ హద్దు మైనస్ 40.

అన్నిటికన్నా పెద్ద మెలిక రాజకీయాలది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, బ్రిటన్, యూరోపియన్ యూనియన్ కంపెనీలకు రష్యా గగనతలం మూతపడింది. గల్ఫ్, భారత కంపెనీలకు ఆ అడ్డు లేదు. భారత కంపెనీలకు మరో తలనొప్పి ఉంది: 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని వాటికి మూసివేయడంతో ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే కొన్ని విమానాలు ఇంధనం కోసం వియన్నాలో ఆగవలసి వచ్చింది. 2025 జూన్ 23న కతర్ కొన్ని గంటలపాటు గగనతలం మూస్తే దోహాకు రావలసిన విమానాలు ఎక్కడెక్కడికో మళ్లాయి. ఇవన్నీ దూరాన్ని మార్చేవే కానీ ఏ సూత్రంలోనూ ఇమిడేవి కావు. టికెట్ కొనే వారంలో వార్తలు చూసుకోవడమొక్కటే మార్గం.

నాలుగో మెట్టు: కిలోమీటర్లను గంటలుగా మార్చడం

పెద్ద విమానాలు పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తులో గంటకు దాదాపు 900 కిలోమీటర్ల వేగంతో పోతాయి. అయితే టికెట్ మీద వేసే సమయం గాల్లో ఉన్నంతసేపు మాత్రమే కాదు. ద్వారం దగ్గర విమానం కదిలినప్పటి నుంచి అవతల ద్వారం దగ్గర ఆగే దాకా లెక్క. రన్‌వే దాకా పాకడం, నెమ్మదిగా పైకెక్కడం, దిగే ముందు వరసలో తిరగడం అన్నీ అందులోనే. నేను వాడే పద్ధతి ఇది: దూరాన్ని 900తో భాగించి, 40 నిమిషాలు కలపండి. పడమరకు పోతుంటే వచ్చినదానికి 8 శాతం చేర్చండి. తూర్పుకు పోతుంటే 3 శాతం తగ్గించండి.

దోహా–డల్లాస్ మీద పరీక్షిద్దాం. 12,740ని 900తో భాగిస్తే 14 గంటల 9 నిమిషాలు. 40 కలిపితే 14 గంటల 49 నిమిషాలు. ఎనిమిది శాతం చేరిస్తే 16 గంటలు. తిరుగు ప్రయాణానికి మూడు శాతం తగ్గిస్తే 14 గంటల 20 నిమిషాలు. నిజమైన టికెట్లు తిరగేస్తే ఈ అంకెలకు కాస్త అటూ ఇటూగానే ఉంటాయి. లండన్–డల్లాస్‌కు ఇదే లెక్కన పోయేటప్పుడు పది గంటలకు కొంచెం తక్కువ, వచ్చేటప్పుడు తొమ్మిది గంటల లోపు వస్తుంది.

పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎందుకు ఈ తేడా? భూమి తిరగడం వల్ల అని చాలామంది చెబుతారు. భూమితో పాటు గాలీ తిరుగుతుంది కాబట్టి ఆ వాదన నిలవదు. అసలు కారణం జెట్ ప్రవాహం. విమానాలు ఎగిరే ఎత్తులోనే పడమర నుంచి తూర్పుకు నది పారినట్టు పారే గాలి అది. గంటకు 150, 200 కిలోమీటర్ల వేగం మామూలే. చలికాలంలో 300 దాటుతుంది. 1920ల్లో జపాన్ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి బెలూన్లు వదిలి దీన్ని కొలిచాడు. కానీ నివేదికను ఎస్పెరాంటో అనే కృత్రిమ భాషలో అచ్చువేయడంతో బయటి దేశాలవాళ్లు చాలాకాలం పట్టించుకోలేదు. పడమరకు పోయే విమానం ఈ గాలికి ఎదురీదాలి. దోహా–డల్లాస్ గీత ఐస్‌లాండ్ మీదుగా, 64 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా పైకి పోయి దిగుతుంది. ఆ రోజు గాలి ఎలా ఉందో చూసి దాన్ని ఇంకా పైకో కిందికో జరుపుతారు. తూర్పుకు వచ్చే విమానం అదే గాలిని వెతుక్కుని మరీ ఎక్కుతుంది. జనవరిలో పోయేవారికీ జులైలో పోయేవారికీ ఒకే దారిలో అరగంట దాకా తేడా రావడం వింత కాదు.

చిన్న దూరాలకు ఈ పద్ధతి కాస్త తక్కువ చూపిస్తుంది. హైదరాబాద్–దోహాకు 4 గంటల 13 నిమిషాలు వస్తుంది. టికెట్ల మీద నాలుగున్నర దాకా ఉంటుంది. ఆలస్యాలు కప్పిపుచ్చుకోవడానికి కంపెనీలు ముందే కొంత కలిపి పెట్టుకుంటాయి. ‘అనుకున్నదానికన్నా ముందే దిగాం’ అని పైలట్ గొప్పగా చెప్పినప్పుడు చప్పట్లు కొట్టే ముందు ఈ సంగతి గుర్తుతెచ్చుకోండి.

ఐదో మెట్టు: గడియారాల ముడి విప్పడం

అసలు తికమక ఇక్కడుంది. ఊరికే ఒక టికెట్ ఊహించుకుందాం. చలికాలం, గురువారం.

హైదరాబాద్‌లో బయలుదేరేది గురువారం 03:30.
దోహాలో దిగేది గురువారం 05:30.
దోహాలో మళ్లీ బయలుదేరేది 08:00.
డల్లాస్‌లో దిగేది గురువారం 15:15.

పొద్దున మూడున్నరకు ఎక్కి మధ్యాహ్నం మూడుంబావుకు దిగారు. పన్నెండు గంటలు కూడా కాలేదు. ఎలా? టికెట్ మీద ప్రతి వేళా ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది కాబట్టి. ముడి విప్పడానికి ఒకటే ఉపాయం: అన్నీ మన వేళల్లోకి మార్చి రాసుకోండి. దోహా మనకన్నా రెండున్నర గంటలు వెనక. డల్లాస్ చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక.

దోహాలో 05:30 అంటే మనకు 08:00. అంటే మొదటి విమానం నాలుగున్నర గంటలు. అక్కడ 08:00 అంటే మనకు 10:30, మధ్యలో ఆగింది రెండున్నర గంటలు. డల్లాస్‌లో గురువారం 15:15 అంటే మనకు శుక్రవారం 02:45, రెండో విమానం 16 గంటల 15 నిమిషాలు. మూడూ కలిపితే 23 గంటల 15 నిమిషాలు. మొదట్లో చెప్పిన అంకె ఇదే.

తిరుగు ప్రయాణంలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. గురువారం రాత్రి 19:00కు డల్లాస్‌లో ఎక్కితే హైదరాబాద్‌లో దిగేసరికి శనివారం 02:45 అవుతుంది. గడియారం చూస్తే 31 గంటల 45 నిమిషాలు. పదకొండున్నర తీసేస్తే అసలు ప్రయాణం 20 గంటల 15 నిమిషాలే. శుక్రవారం మొత్తం గాల్లోనే కరిగిపోతుంది. శుక్రవారం సాయంత్రం ఇక్కడ పెళ్లి ఉందని గురువారం బయలుదేరేవాళ్లు ముహూర్తం దాటాకే దిగుతారు.

అమెరికా గడియారం ఏడాదికి రెండుసార్లు మారుతుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా ఒక గంట ముందుకు జరుపుతారు. 2026లో అవి మార్చి 8, నవంబర్ 1. ఆ కాలంలో డల్లాస్‌కూ మనకూ తేడా పదిన్నర గంటలే. గుర్తుపెట్టుకోవడానికి తేలిక మార్గం ఉంది. మన వేళలో పగలును రాత్రిగా, రాత్రిని పగలుగా తిప్పేసి, చలికాలమైతే అరగంట, ఎండాకాలమైతే గంటన్నర కలపండి. మనకు పొద్దున 8 అయితే డల్లాస్‌లో క్రితం రోజు రాత్రి ఎనిమిదిన్నర, లేదా తొమ్మిదిన్నర. యూరప్ మీదుగా పోయేవాళ్లకు ఇంకొక మెలిక. అక్కడ గడియారాలు మార్చి, అక్టోబర్ నెలల ఆఖరి ఆదివారాల్లో మారతాయి. ఆ మధ్య వారాల్లో లండన్–డల్లాస్ తేడా ఆరు గంటలకు బదులు ఐదే ఉంటుంది. గల్ఫ్‌లో ఈ గొడవ లేదు.

ఇక తేదీ. మన పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. ఇంట్లో పెద్దవాళ్లకు ‘గురువారం’ అంటే గురువారం తెల్లవారాకే. విమాన టికెట్‌కు మాత్రం రోజు అర్ధరాత్రి పన్నెండుకు మారుతుంది. గురువారం 03:30 అంటే బుధవారం రాత్రి భోజనం చేసి బయలుదేరాలి. హైదరాబాద్ నుంచి పోయే గల్ఫ్ విమానాల్లో చాలా భాగం అర్ధరాత్రి దాటాకే కదులుతాయి కాబట్టి, వేరే ఊళ్లో ఉన్న పెద్దలకు తేదీ చెప్పకండి. ‘బుధవారం రాత్రి పదకొండున్నరకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి’ అని చెప్పండి. వర్జ్యం, రాహుకాలం చూసుకునేవాళ్లకు ఇల్లు కదిలే వేళే ముఖ్యం, విమానం కదిలే వేళ కాదు. అదొక సౌలభ్యం.

ఆరో మెట్టు: ఆగే చోటు, ఆగే సేపు

గాల్లో ఉండే సమయం ఏ దారిలోనైనా ఇరవై గంటల ప్రాంతమే అని తేలింది. అయినా టికెట్ల మీద 22 గంటల నుంచి 40 గంటల దాకా ఎందుకు కనిపిస్తాయి? తేడా అంతా మధ్యలో ఆగే సేపుదే. కాబట్టి బేరం చూడవలసింది ఇక్కడ.

గంటన్నర లోపు ఆగుడుంటే నేనైతే కొనను. మొదటి విమానం ముప్పావు గంట ఆలస్యమైతే చాలు, పరుగు తప్పదు. రెండున్నర నుంచి నాలుగు గంటలు హాయిగా ఉంటుంది. ఎనిమిది దాటితే నడుం వాల్చడానికి చోటు వెతుక్కోవాలి. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే నాలుగు వేలు మిగిలినట్టు కనిపిస్తుంది కానీ, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే ఎవరూ పూచీ పడరు. సామాను దింపుకుని మళ్లీ ఇవ్వవలసి వస్తుంది, అందుకు ఆ దేశపు వీసా కూడా కావలసి రావచ్చు. ఒకే టికెట్ అయినా ఆగే దేశపు ట్రాన్సిట్ వీసా నియమాలు కొనే రోజున చూసుకోండి. అవి తరచూ మారతాయి.

దోహా, దుబాయ్ దారుల్లో ప్రయాణం నాలుగు, పదహారు గంటలుగా విడిపోతుంది. లండన్ దారిలో పది, పదిగా సగానికి సగం విడిపోతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, రక్తపోటు ఉన్నవాళ్లకు పదహారు గంటలు ఒకే కుర్చీలో కూర్చోవడం చిన్న విషయం కాదు. వాళ్లకు సమానంగా విడిపోయే దారే మేలని నా అభిప్రాయం. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు ఒంటరిగా పోతుంటే మాత్రం గల్ఫ్ వైపు మొగ్గుతాను. ఆ విమానాల్లో తెలుగు మాట వినపడకుండా ఉండదు, దారి అడగడానికి మనిషి దొరుకుతాడు. చక్రాల కుర్చీ సాయం టికెట్ కొనేటప్పుడే అడిగి పెట్టండి.

న్యూయార్క్‌లోనో షికాగోలోనో దిగి అక్కడి నుంచి డల్లాస్ పోయే టికెట్ చవకగా దొరుకుతుంది. అమెరికాలో మొదట అడుగుపెట్టిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ జరుగుతుంది. పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ అప్పగించాలి. అక్కడ మూడు గంటలకు తక్కువ ఆగుడు పెట్టుకోవద్దు. అబుదాబి దీనికి మినహాయింపు. అమెరికా అధికారులు అక్కడే తనిఖీ పూర్తి చేస్తారు, అమెరికాలో దిగాక దేశీయ ప్రయాణికుడిలా బయటికి నడిచిపోవచ్చు.

ఏడో మెట్టు: గడప నుంచి గడపకు

కొడుకు చెప్పిన ‘ఒకటిన్నర రోజు’ ఇక్కడ తేలుతుంది. విజయవాడ నుంచి బయలుదేరిన దంపతులను తీసుకోండి. గురువారం 03:30 విమానానికి నాలుగు గంటల ముందు, బుధవారం రాత్రి పదకొండున్నరకు శంషాబాద్ చేరాలి. దారిలో భోజనం, ఊళ్లో ట్రాఫిక్ కలుపుకుని ఆరు గంటలు వేసుకుంటే సాయంత్రం ఐదున్నరకు ఇల్లు కదలాలి. డల్లాస్‌లో 15:15కు దిగాక ఇమిగ్రేషన్ వరస, పెట్టెలు, కస్టమ్స్ కలిపి రెండు గంటలు. డల్లాస్ శివారు ఫ్రిస్కోలోని ఇంటికి కారులో ముప్పావు గంట. అక్కడ సాయంత్రం ఆరుకు గడప తొక్కుతారు. అప్పటికి విజయవాడలో శుక్రవారం తెల్లవారుజామున ఐదున్నర. బుధవారం సాయంత్రం ఐదున్నర నుంచి లెక్కేస్తే సరిగ్గా 36 గంటలు.

మందుల వేళలకు ఈ 36 గంటల లెక్కే వాడాలి, టికెట్ మీది 23 కాదు. పొద్దున పూట మాత్ర అక్కడి పొద్దునకు మారేసరికి పదకొండున్నర గంటలు జరిగిపోతుంది. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ వాడేవాళ్లు గంటల వారీగా కాగితం రాసుకుని ముందే డాక్టరుకు చూపించాలి. మందులు చేతి సంచిలోనే ఉండాలి, పెట్టెలో వద్దు.

ఆఖరుగా, మీ లెక్కను నిజంతో సరిచూసుకోండి. ఫ్లైట్‌రాడార్24 లాంటి సైటులో విమానం నంబరు కొడితే గత కొన్ని రోజుల్లో అది ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దిగిందో, ఏ దారిన పోయిందో కనిపిస్తుంది. వారంలో నాలుగు రోజులు గంట ఆలస్యంగా నడుస్తుంటే రెండు గంటల ఆగుడు పెట్టుకోవడం తెలివైన పని కాదు. ప్రయాణం రోజున అదే నంబరును డల్లాస్‌లో కారు తెచ్చేవారికి పంపండి. అంతర్జాతీయ విమానాలు అక్కడ ఎక్కువగా టెర్మినల్ డి దగ్గరికే వస్తాయి. విమానం నేల తాకిన గంటకు బయలుదేరినా వాళ్లకు సమయం సరిపోతుంది.